"ట్రెడిషనల్" అని రాసిన బాణీ వెనక ఉన్న మనిషిని పట్టుకోవడం ఎలా

కీబోర్డు నేర్చుకునే పుస్తకంలో గానీ, యూట్యూబ్ వీడియో కింద గానీ పాట పేరు పక్కన "ట్రెడిషనల్" అనో "జానపద బాణీ" అనో కనిపిస్తే ఇక ఎవరూ ముందుకు వెళ్లి అడగరు. జనం నోట పుట్టిన పాటకి కర్త ఎవరని వెతుకుతాం అనుకుంటాం. చాలా పాటల విషయంలో అది నిజమే కూడా. కానీ పంతొమ్మిదో శతాబ్దపు యూరప్, అమెరికా బాణీలు చాలావాటి వెనక ఒక మనిషి ఉన్నాడు, అచ్చయిన కాగితం ఉంది, ఆ కాగితం మీద అతని పేరూ ఉంది. పాట ఊళ్లు దాటేసరికి పేరు మాత్రం రాలిపోయింది. ఆ పేరు తిరిగి పట్టుకోవడానికి పెద్ద సంగీత పండితులే కానక్కర్లేదు. చెవి, ఇంటర్నెట్, కొంచెం ఓపిక ఉంటే ఇంట్లో కూర్చుని చేయొచ్చు. ఎలాగో ఒక అసలు కేసు పట్టుకుని చెబుతాను, ఎందుకంటే ఉత్త సూత్రాలు చెబితే ఎవరికీ గుర్తుండవు.

ముందు ఆ శతాబ్దంలోనే ఇలా ఎందుకు జరిగిందో తెలిస్తే వెతకడం సులువు. ఆ శతాబ్దం చివరి దాకా ఇళ్లలో రికార్డులు లేవు. పాట కావాలంటే నాలుగు పేజీల షీట్ మ్యూజిక్ కొనుక్కుని ఇంట్లో పియానో మీద వాయించుకోవాలి. గాయనీగాయకులు దాన్ని తీసుకుని దేశాలు తిరిగేవాళ్లు, హోటళ్లలో బ్యాండు వాళ్లు విని ఎత్తుకునేవాళ్లు, ఇంకో దేశపు ప్రచురణకర్త తన పేరుతో మళ్లీ అచ్చేసేవాడు. పలు దేశాలు కలిసి ఒప్పుకున్న కాపీరైట్ ఒప్పందం, అంటే బెర్న్ ఒప్పందం, 1886లో గానీ రాలేదు. మన దగ్గర కృతిలోనే వాగ్గేయకారుడి ముద్ర ఉంటుంది, చివరి చరణంలో "త్యాగరాజ" అనో "గురుగుహ" అనో "ధర్మపురి" అనో వినపడగానే ఎవరిదో తెలిసిపోతుంది. వాళ్ల పాటల్లో అలాంటి ముద్ర ఏదీ లేదు. ముఖపత్రం పోతే పేరు పోయినట్టే.

కేసు: కార్మెన్‌లోని హబనేరా

ఈ బాణీ మీకు తెలుసు. పేరు తెలియకపోయినా ప్రకటనల్లో, కార్టూన్లలో, డాన్సు షోల్లో విని ఉంటారు. ఫ్రెంచ్ స్వరకర్త జార్జ్ బిజే రాసిన "కార్మెన్" ఒపేరా మొదటి అంకంలో, సెవిల్ ఊళ్లో సిగరెట్ల ఫ్యాక్టరీ బయట, కార్మెన్ వచ్చి పాడే పాట. ఒపేరా మొదటిసారి పారిస్‌లో 1875 మార్చి 3న ఆడింది. ఆ బాణీ స్పెయిన్ వైపు జానపదమని బిజే అనుకున్నాడు, అనుకునే వాడుకున్నాడు. తర్వాత తెలిసింది, అది ఒక స్వరకర్త రాసి అచ్చు వేయించిన పాట అని, ఆ స్వరకర్త చనిపోయి అప్పటికి పదేళ్లని. అతని పేరు సెబాస్టియన్ ఇరాదియెర్.

పుట్టింది 1809లో, స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలోని ఆలవా జిల్లా, లాన్‌సియేగో అనే చిన్న ఊరు. చర్చిలో ఆర్గన్ వాయించడంతో మొదలై, మాడ్రిడ్ సంగీత కళాశాలలో పాఠాలు చెప్పి, పారిస్ చేరి, ఫ్రాన్స్ మహారాణి యూజెనీకి సంగీతం నేర్పే స్థాయికి వెళ్లాడు. క్యూబాకీ వెళ్లాడు. అక్కడి హబనేరా అనే నాట్యపు నడక అతని పాటల్లోకి వచ్చింది. 1865లో, పుట్టిన ఊరికి మరీ దూరం కాని విటోరియాలో పోయాడు. అతని ఇంకో పాట "లా పలోమా". అది కూడా ప్రపంచమంతా పాడుకునే పాటే, అది కూడా చాలామంది జానపదం అనుకునేదే. ప్రపంచంలో సగం మందికి తెలిసిన బాణీలు రెండు ఒకే మనిషివి, ఆ మనిషి పేరు మాత్రం సంగీతం చదివినవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. నాకు ఇది చాలా అన్యాయం అనిపిస్తుంది, ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం కూడా అదే.

ఇప్పుడు, ఇతని పేరు మీకు తెలియదనుకోండి. చేతిలో బాణీ ఒక్కటే ఉంది. ఎలా వెళ్తారు?

ముందు బాణీని స్వరాల్లో రాసుకోండి

ఇది వదిలేసి నేరుగా గూగుల్‌కి వెళ్లేవాళ్లే ఎక్కువ, అక్కడే దారి తప్పుతారు. పాట పేర్లు భాష మారితే మారిపోతాయి, సాహిత్యం మారిపోతుంది, బాణీ మాత్రం మారదు. కాబట్టి ఎత్తుగడని సరిగమల్లో రాసుకోవాలి. శ్రుతి ఏదైనా ఆధార స్వరాన్ని "స" అనుకుంటే చాలు.

హబనేరా చూడండి. కీబోర్డు మీద డి నోటుని పై షడ్జమం అనుకోండి. పాట అక్కడ మొదలై కిందికి దిగుతుంది: స, ని3, ని2, ద2, ద1, ప (ఒకే స్వరంలో పెద్ద అంకె పై మెట్టు, చిన్న అంకె కింది మెట్టు). మధ్యలో కొన్ని స్వరాలు రెండు మూడు సార్లు పలుకుతాయి, అది వేరే సంగతి. తెల్ల మెట్టు, నల్ల మెట్టు ఏదీ వదలకుండా పక్కపక్క మెట్ల మీదుగా జారుకుంటూ దిగడం. కర్ణాటక సంగీతం నేర్చుకున్న చెవికి ఇది వెంటనే పట్టుకుంటుంది, ఎందుకంటే మన రాగాల్లో రెండు నిషాదాలు, రెండు దైవతాలు ఇలా వరసగా రావడం చాలా అరుదు. అదే ఈ బాణీ వేలిముద్ర. ఇంకో రెండు విషయాలు రాసుకోండి: చరణంలో గ2తో నడిచిన పాట పల్లవి దగ్గరకి వచ్చేసరికి గ3కి మారుతుంది, అంటే మైనర్ నుంచి మేజర్‌కి వెళ్తుంది. కింద సెల్లోలు పాట పొడవునా ఒకే నాలుగు స్వరాలు, స ప గ ప, తిప్పి తిప్పి వాయిస్తూ ఉంటాయి.

తాళం విడిగా రాసుకోండి. ఎనిమిది మాత్రలు లెక్కపెడితే దెబ్బ 1, 4, 5, 7 మీద పడుతుంది. అంటే 3, 1, 2, 2 గా విడిపోతుంది. చేత్తో కొట్టి చూస్తే రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది.

ఈ రెండిటినీ ఎందుకు విడదీయమంటున్నానో కొంచెం చెప్పాలి, ఎందుకంటే తప్పుడు తీర్మానాలన్నీ ఇక్కడే పుడతాయి. 3-1-2-2 నడక ఎవరి సొత్తూ కాదు. క్యూబా నుంచి వచ్చి వందల పాటల్లో ఉంది, తర్వాత టాంగోలోకీ వెళ్లింది. రెండు పాటల నడక ఒకటేనని "ఇది దాని కాపీ" అనేస్తే మన ఆదితాళంలో ఉన్న కీర్తనలన్నీ ఒకరివే అన్నట్టు. స్కేలు కలవడం కూడా సాక్ష్యం కాదు. స్వరాల దిగుడు, పాదం ఎక్కడ ఆగింది, రెండో భాగం ఎటు తిరిగింది, ఈ మూడూ కలిస్తేనే కలిసినట్టు లెక్క. మూడిట్లో ఒక్కటే కలిస్తే పక్కన పెట్టుకోండి, పారేయకండి.

చెవికి అలవాటు కావాలంటే మన దగ్గరే మంచి సాధన ఉంది. ముత్తుస్వామి దీక్షితుల నోటుస్వరాలు చాలామంది పిల్లలు సంగీతం క్లాసులో నేర్చుకుంటారు. అవి యూరప్ బాణీలకి సంస్కృత సాహిత్యం కట్టినవి. "సంతతం పాహిమాం" నెమ్మదిగా పాడుకుంటే బ్రిటిష్ వాళ్ల "గాడ్ సేవ్ ద కింగ్" వినిపిస్తుంది. "శ్యామలే మీనాక్షి" పాడితే "ట్వింకిల్ ట్వింకిల్" వినిపిస్తుంది. రెండూ పక్కపక్కన స్వరాల్లో రాసి, ఎక్కడ కలిసింది, ఎక్కడ మార్చారు అని గుర్తులు పెట్టుకోండి. సాహిత్యం, భాష, పాడే తీరు అన్నీ మారినా బాణీ ఎలా బయటపడుతుందో అప్పుడు అర్థమవుతుంది.

బాణీతోనే వెతికే పద్ధతి

పేరు తెలియని బాణీ వెతకడానికి పార్సన్స్ కోడ్ అని ఒకటుంది. డెనిస్ పార్సన్స్ అనే ఆయన 1975లో పుస్తకంగా వేశాడు. మొదటి స్వరాన్ని చుక్కగుర్తుతో పెట్టి, తర్వాతి ప్రతి స్వరం ముందుదానికంటే పైకి వెళ్లిందా, కిందికి వచ్చిందా, అక్కడే ఉందా అని మాత్రమే రాస్తారు. ఎంత పైకి, ఎంత కిందికి అన్నది అక్కర్లేదు. "జింగిల్ బెల్స్" పల్లవి తీసుకోండి: గగగ గగగ గపసరిగ. చుక్క తర్వాత ఆరు సార్లు "అక్కడే", తర్వాత పైకి, కిందికి, పైకి, పైకి. అంతే, పది గుర్తులు. మ్యూజిపీడియా అనే సైట్లో ఈ కోడ్ కొడితే దగ్గరగా ఉన్న బాణీలు చూపిస్తుంది. గూగుల్‌లో హమ్మింగ్ చేసి వెతికే సౌకర్యం కూడా ఉంది, అది ఇప్పటి రికార్డుల దాకా బాగా పనిచేస్తుంది, పాత బాణీ అసలు పేరు తెలుసుకోవడానికి మొదటి మెట్టుగా సరిపోతుంది. రిజ్మ్ అనే అంతర్జాతీయ కేటలాగులో ఎత్తుగడ స్వరాలు కొట్టి కూడా వెతకొచ్చు, అయితే అందులో 1850కి ముందటి రాతప్రతులే ఎక్కువ.

ఈ దశలో మీకు దొరికేది సాధారణంగా బాగా పేరున్న రూపమే. హబనేరా విషయంలో "బిజే, కార్మెన్" అని వస్తుంది. చాలామంది ఇక్కడ ఆగి, కర్త బిజే అని రాసేసుకుంటారు. మీరు ఆగకండి.

పేరున్న మనిషి స్కోర్లో చిన్న అక్షరాలు చదవండి

ఐఎంఎస్ఎల్‌పీ అనే సైట్ ఉంది, కాపీరైట్ దాటిన స్కోర్లు, అంటే స్వరాలు రాసిన సంగీత ప్రతులు, లక్షల్లో ఉచితంగా దొరుకుతాయి. అక్కడ కార్మెన్ పియానోతో పాడుకునే స్కోరు పాత ముద్రణ దింపుకుని హబనేరా మొదలయ్యే పేజీకి వెళ్లండి. పేజీ అడుగున ఒక నోట్ ఉంటుంది: ఇది ఒక స్పానిష్ పాటను అనుకరించింది, ఆ పాట "లె మెనెస్ట్రెల్" ప్రచురణకర్తల సొత్తు అని. ఇది బిజే, తను వాడుకున్నది జానపదం కాదని తెలిశాక చేర్చిన నోట్. స్వరకర్త పేరు అందులో లేదు చూడండి, సొత్తుదారుడైన ప్రచురణకర్త పేరే ఉంది. అయినా మనకి అది చాలు. లె మెనెస్ట్రెల్ అనేది పారిస్‌లో అప్పట్లో వచ్చిన సంగీత వారపత్రిక, దాన్ని నడిపింది హ్యూజెల్ అనే ప్రచురణ సంస్థ. ఇక హ్యూజెల్ అచ్చేసిన స్పానిష్ పాటలు వెతకడమే. అక్కడ "ఎల్ అర్రెగ్లీతో" దొరుకుతుంది, 1863లో అచ్చయింది, ముఖపత్రం మీద సంగీతం ఇరాదియెర్ అని. ఇద్దరు ప్రేమికులు మాట్లాడుకునే పాట అది, కార్మెన్ కథకీ దానికీ సంబంధమే లేదు.

ఇలా అడుగున నోట్ ఉండడం అదృష్టం, ప్రతిసారీ ఉండదు. అయినా ముఖపత్రం మీద క్రియాపదాలు చూస్తే చాలా తెలుస్తుంది. బ్రామ్స్ "హంగేరియన్ డాన్సులు" మొదటి పది 1869లో వచ్చాయి. ఆయన వాటికి తన రచనలకిచ్చే ఓపస్ నంబర్ ఇవ్వలేదు, తాను కూర్చానన్నట్టే, అంటే ఉన్న బాణీని అమర్చానన్నట్టే, ముఖపత్రం మీద వేయించాడు, స్వరపరిచానని అనలేదు. అదే పెద్ద క్లూ. అందులో అందరికీ తెలిసిన అయిదో డాన్సు బ్రామ్స్ జానపదమనుకుని తీసుకున్నది, నిజానికి బేలా కేలెర్ అనే బ్యాండ్‌మాస్టర్ రాసిన "బార్ట్‌ఫై ఎమ్లేక్" అనే చార్దాష్ నృత్యం. కేలెర్ 1820లో బార్ట్‌ఫాలో పుట్టాడు, ఆ ఊరు ఇప్పుడు స్లొవాకియాలో బార్దెయోవ్. పుట్టిన ఊరి జ్ఞాపకంగా రాసుకున్న పాట మీద ఇంకొకరి పేరు నిలబడింది. బ్రామ్స్ దొంగ అని కొందరు ఇంటర్నెట్‌లో రాస్తుంటారు, అది తప్పు. ఆయన ముఖపత్రం మీద ఉన్నది ఉన్నట్టే చెప్పాడు, చదవనిది మనం.

ముఖపత్రం చదవడానికి ఆ భాషలు రానక్కర్లేదు, నాలుగైదు మాటలు తెలిస్తే గడిచిపోతుంది. ఫ్రెంచ్‌లో "పరోల్" అంటే సాహిత్యం, "మ్యూజిక్" అంటే సంగీతం, "అరాంజే" అంటే వేరేవాళ్ల బాణీని కూర్చడం. జర్మన్‌లో "గెజెట్స్ట్", "బెయార్బైటెట్" రెండూ కూర్పే. రష్యన్‌లో "స్లోవా" సాహిత్యం, "ముజికా" సంగీతం. ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ కెమెరా పెడితే ఇవన్నీ అదే చెప్పేస్తుంది, కానీ మెలికల అక్షరాల దగ్గర అది తడబడుతుంది, అప్పుడు ఈ మాటలు గుర్తుంటే ఉపయోగం.

సాహిత్యాన్నీ సంగీతాన్నీ వేరుచేయండి

రష్యన్ పాట "నల్లని కళ్లు", అదే "ఓచీ చోర్నియె", రెస్టారెంట్ పాటలకి మారుపేరయిపోయింది, జిప్సీ జానపదం అని రాసేస్తుంటారు. సాహిత్యం యెవ్‌హెన్ హ్రెబింకా అనే ఉక్రెయిన్ కవిది, 1843లో పత్రికలో అచ్చయింది. బాణీ మాత్రం ఫ్లోరియన్ హెర్మన్ రాసిన "హోమాజ్" అనే వాల్ట్జ్ నుంచి వచ్చింది. రెండూ కలిపి పాటగా అచ్చయింది 1884లో. అంటే కవికీ స్వరకర్తకీ మధ్య నలభై ఏళ్లు. మీరు "ఈ పాట ఎవరిది" అని ఒకే ప్రశ్న వేస్తే హ్రెబింకా దగ్గర ఆగిపోతారు, ఎందుకంటే కవి గురించి పుస్తకాలున్నాయి, హెర్మన్ గురించి దాదాపు ఏమీ లేదు. అందుకని నోట్‌బుక్‌లో ఎప్పుడూ నాలుగు గడులు గీసుకోండి: సాహిత్యం ఎవరు, బాణీ ఎవరు, కూర్పు ఎవరు, అచ్చు ఎవరు. ఒక్కో గడి పక్కన సంవత్సరం. గడి ఖాళీగా ఉంటే ఖాళీగానే ఉండనివ్వండి.

"కాలింకా" ఇంకో రకం. రష్యన్ ఆర్మీ బృందాలు పాడి పాడి అది పాత పల్లెపాట అని ప్రపంచం నమ్మింది. 1860లో ఇవాన్ లారియోనోవ్ రాశాడు, సరాతోవ్ నగరంలో ఒక నాటక ప్రదర్శన కోసం. అతను జానపద పాటలు సేకరించే మనిషి కూడా. ఇలాంటివాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలి: జానపదం బాగా తెలిసినవాడు జానపదంలా రాయగలడు, అలాగే ఊళ్లో విన్నది తన పేరుతో వేయించుకోనూగలడు. ఏది నిజమో తేల్చేది అంతకుముందు తేదీతో ఉన్న కాగితమే.

తొట్టతొలి అచ్చు ప్రతి దాకా వెళ్లండి

అసలు పని ఇక్కడే. బ్లాగులు, పాత వ్యాసాలు, వికీపీడియా ఒకదాన్ని చూసి ఒకటి రాసుకుంటాయి, పది చోట్ల ఉన్నంతమాత్రాన పది సాక్ష్యాలు కావు. మీకు కావాల్సింది ఆ బాణీ ఉన్న అన్నిటికంటే పాత కాగితం.

ఫ్రాన్స్‌లో అచ్చయిందయితే గాలికా వెబ్‌సైట్, అది వాళ్ల జాతీయ గ్రంథాలయానిది. స్పెయిన్‌దయితే బిబ్లియోటెకా డిజిటల్ హిస్పానికా. అమెరికాదయితే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్ల లెవీ కలెక్షన్. జర్మన్ మాట్లాడే దేశాల్లో ఏ నెల ఏ సంగీతం అచ్చయిందో హోఫ్‌మైస్టర్ అనే సంస్థ 1829 నుంచి నెలనెలా జాబితాలు వేసింది, అవి ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఇవన్నీ ఉచితం. ఇంగ్లిష్‌లో వెతికితే సగమే దొరుకుతాయి, కాబట్టి వికీపీడియాలో ఆ పాట పేజీ తెరిచి భాషల జాబితాలోంచి స్పానిష్‌కో రష్యన్‌కో వెళ్లి, పాట పేరు ఆ లిపిలోనే కాపీ చేసుకుని ఇక్కడ పెట్టండి. పేరు అక్షరాలు కూడా మార్చి మార్చి చూడాలి. ఇరాదియెర్ స్పెయిన్‌లో ఐ అక్షరంతో ఉంటాడు, పారిస్ ముద్రణల్లో వై అక్షరంతో మొదలవుతాడు. ఒక్క అక్షరం తేడాకి సగం పాటలు కనబడకుండా పోతాయి.

కాగితం దొరికింది, సంవత్సరం మాత్రం లేదు. ఆ రోజుల్లో షీట్ మ్యూజిక్ మీద ఏడాది వేయకపోవడం మామూలే, పాత సరుకు అనిపించకూడదని. అప్పుడు పేజీ అడుగున మధ్యలో చిన్న అంకె కోసం చూడండి, దాన్ని ప్లేట్ నంబర్ అంటారు. ప్రతి పాట అచ్చు పలకకీ ప్రచురణకర్త వరస సంఖ్య వేసుకునేవాడు, ఏ అంకె ఏ ఏడాదిదో ఐఎంఎస్ఎల్‌పీలో ప్రచురణకర్తలవారీగా పట్టికలున్నాయి. ఫ్రెంచ్ గ్రంథాలయం ప్రతి అయితే దాని మీద గ్రంథాలయంలో జమ చేసిన ముద్ర ఉండొచ్చు, ఏడాదితో సహా. ప్రచురణకర్త చిరునామా కూడా పనికొస్తుంది, దుకాణం మారిన ఏడాది తెలిస్తే ఆ ప్రతి అంతకుముందుదో తర్వాతదో తేలుతుంది.

పేరుంది కదా అని అదే నిజమైన పేరని కూడా అనుకోకండి. పియానో ముందు కూర్చున్న ప్రతి పిల్లా రెండు వేళ్లతో వాయించే "చాప్‌స్టిక్స్" 1877లో లండన్‌లో అచ్చయినప్పుడు దాని మీద ఆర్థర్ డి లల్లీ అని ఉంది. ఆ పేరుతో రాసింది యుఫీమియా అలెన్ అనే పదహారేళ్ల అమ్మాయి. ఆ కాలంలో ఆడవాళ్లు మగపేరుతో వేయించుకోవడం చాలా ఉంది, కాబట్టి మనిషి గురించి ఎంత వెతికినా పుట్టుక, చావు, ఊరు ఏదీ దొరకకపోతే మారుపేరేమో అని ఒకసారి అనుమానించండి.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి

ఒక గీత గీసి సంవత్సరాలు వేయండి. హబనేరాకి ఇలా వస్తుంది: 1863 పాట అచ్చు, 1865 ఇరాదియెర్ మరణం, 1875 కార్మెన్. ఈ మూడు అంకెలతోనే ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారన్నది తేలిపోయింది. తర్వాత స్వరాలు పోల్చండి, పైన చెప్పిన మూడు పరీక్షలూ పెట్టండి: మెట్టు మెట్టూ దిగే ఎత్తుగడ, పాదాల ఆగుడు, పల్లవి తిరుగుడు. అప్పుడు తేడాలు కూడా రాసుకోండి. బిజే ఏం మార్చాడో చూస్తే అతని ప్రతిభా కనిపిస్తుంది. మొదటి కార్మెన్‌గా పాడిన సెలెస్టిన్ గాలీ-మారియే ముందు రాసిన పాట నచ్చక మార్చమని పట్టుబట్టిందట, అతను తిరగరాసి తిరగరాసి చివరికి దీనికి వచ్చాడు. సాహిత్యంలో చాలా భాగం తనే రాసుకున్నాడు. వెనక జనం చేత పల్లవి అందుకునేలా చేశాడు. అదంతా బిజేదే. బాణీ బీజం ఇరాదియెర్‌ది. ఒకరికి ఇవ్వడానికి ఇంకొకరి దగ్గర లాక్కోనక్కర్లేదు.

బాణీని జనం మార్చడం కూడా ఉంటుంది, అది లెక్కలోకి తీసుకోండి. "జింగిల్ బెల్స్" జేమ్స్ పియర్‌పాంట్ 1857లో బోస్టన్‌లో "వన్ హార్స్ ఓపెన్ స్లే" అనే పేరుతో అచ్చేయించాడు. ఆ మొదటి కాగితం తీసి పల్లవి వాయిస్తే మీరు స్కూల్లో పాడిన పల్లవి రాదు, వేరే బాణీ వస్తుంది. చరణం అతనిదే, ఇప్పుడు అందరూ పాడే పల్లవి తర్వాత జనం నోట సులువైపోయిన రూపం. ఇలాంటి చోట కర్త ఉన్నాడన్నదీ నిజమే, జానపదం అన్నదీ కొంత నిజమే. మీ నోట్‌లో రెండూ రాయాలి.

కొన్నిసార్లు ఏమీ దొరకదు. దొరికిన పాత అచ్చు ప్రతి మీద కూడా "జనం పాట" అనే ఉంటుంది. అప్పుడు ఊహించి ఎవరి పేరో పెట్టకండి, దయచేసి. పేరు లేకపోవడం కంటే తప్పుడు పేరు ఎక్కువ హాని చేస్తుంది, ఒకసారి ఇంటర్నెట్‌లోకి వెళ్తే దాన్ని తుడవడం ఎవరి వల్లా కాదు.

పేరు దొరికాక ఏం చేయాలి

వాయించి అప్‌లోడ్ చేసేవాళ్లు వివరణలో నాలుగు గడులూ రాయండి. "బాణీ: సెబాస్టియన్ ఇరాదియెర్, ఎల్ అర్రెగ్లీతో, 1863. కార్మెన్ కోసం మలిచినది: జార్జ్ బిజే, 1875. కీబోర్డు కూర్పు: మీ పేరు." పిల్లలకి నేర్పే టీచర్లయితే పుస్తకంలో "ట్రెడిషనల్" అన్న చోట పెన్సిల్‌తో పేరు, ఏడాది రాయించండి, పిల్లలు ఆ పాట వాయించినప్పుడల్లా పేరు చెప్పి మొదలుపెట్టే అలవాటు చేయండి. అమెరికాలో, హైదరాబాద్‌లో పిల్లల రిసైటల్స్‌కి ప్రోగ్రాం షీటు వేస్తారు కదా, అందులో స్వరకర్త గడి ఉంటుంది, అక్కడ రాయించడం అన్నిటికంటే తేలిక.

హక్కుల టెన్షన్ కూడా దీంతో చాలావరకు తీరుతుంది. మన దేశ చట్టం ప్రకారం కర్త చనిపోయాక అరవై ఏళ్లకి రచన అందరిదీ అవుతుంది. ఇరాదియెర్, బిజే, కేలెర్, లారియోనోవ్ అందరూ ఎప్పుడో దాటేశారు. కానీ ఇప్పటి రికార్డింగు మీద రికార్డు కంపెనీకి విడిగా హక్కు ఉంటుంది, అది విడుదలైన ఏడాది తర్వాత నుంచి అరవై ఏళ్లు. కొత్త సాహిత్యం మీదా ఉంటుంది: "లా పలోమా" బాణీ మీద ఎల్విస్ ప్రెస్లీ 1961లో "నో మోర్" పాడాడు, బాణీ పాతదే అయినా ఆ ఇంగ్లిష్ మాటలు ఉచితం కాదు. కాబట్టి ఎవరి రికార్డూ వాడకండి, పాత స్కోరు చూసి మీరే వాయించండి. అప్పుడు కూడా యూట్యూబ్ నుంచి క్లెయిమ్ వస్తే, అచ్చయిన ఏడాది, కర్త చనిపోయిన ఏడాది, పాత స్కోరు లింకు, ఈ మూడూ పెట్టి డిస్‌ప్యూట్ చేయండి.

తెలుగు వికీపీడియాలో రాయాలనుకుంటే అచ్చు ప్రతి ఉన్న పేజీకే లింకు ఇవ్వండి, దాని గురించి రాసిన బ్లాగుకి వద్దు. గ్రంథాలయం పేరు, ప్రచురణకర్త, ప్లేట్ నంబర్, పేజీ సంఖ్య రాస్తే ఇంకొకరు అయిదు నిమిషాల్లో సరిచూసుకోగలరు. ఫ్లోరియన్ హెర్మన్ లాంటి వాళ్ల విషయంలో "హెర్మన్ వాల్ట్జ్ నుంచి వచ్చిన బాణీ" అన్నంత వరకే రాసి, అతని జీవితం గడి ఖాళీగా వదిలేయండి. రష్యన్ చదవగలిగిన తెలుగువాళ్లు ఎవరైనా ఈ పనిలోకి దిగితే మొదట వెతకాల్సింది అతన్నే.